మెరూన్ కవరు కింద కీచురాయి

ఫిబ్రవరి 6

నాకంటే ముందు పుట్టి, నా ముక్కు తుడిచి, నన్ను మనుషుల్లో నిలబెట్టిన అక్కకి,

నీ తమ్ముడు రెండు చేతులూ జోడించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం. నీ మరదలికి మోకాలి నొప్పి తగ్గింది, నోటి నొప్పి మాత్రం లేదు, ఎప్పటిలాగే బాగా పనిచేస్తోంది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని అదే నవ్వుతుంది. ఫోన్ చేస్తే నువ్వు ఏమంటావు? "ఒరేయ్, నాకు ఈ చెవి వినపడదు, ఆ చెవికి నీ గొంతు పడదు, ప్రసంగం ఆపి విషయం చెప్పు" అంటావు. ఉత్తరంలో అయితే కాగితం అయిపోగానే ఆగుతానని నీ ఆశ. చూద్దాం.

ఈ నెలతో నువ్వు ఇచ్చిన నీళ్ల యంత్రానికి రెండేళ్లు నిండాయి. నా సోఫాల కొట్టు మీద గదిని ప్రార్థన గది చేసిన రోజు, నువ్వు ఆ పెట్టెను మోయించుకుని వచ్చావు. మెకానిక్ గోడకు బిగిస్తుంటే పక్కనే నిలబడి వంకరగా ఉందని మూడుసార్లు విప్పించావు. అక్కా, నీకు ఒక శుభవార్త. ఆ రోజు నువ్వు ఎలా ఇచ్చావో ఈ రోజుకీ అది అలాగే ఉంది! ఒక్క మర విప్పలేదు. ఒక్క చెయ్యి పడనివ్వలేదు. ఆ మెకానిక్కే నిరుడు మళ్లీ వచ్చాడు, చంకలో సంచి. "అన్నా, లోపల ఫిల్టర్లు మార్చే టైమయింది" అన్నాడు. మా అక్క ఇచ్చినదాంట్లో లోపం వెతుకుతావా అని అడిగాను. ప్రార్థన గదిలో బేరాలా, గుడి ఆవరణలో గువ్వలు అమ్ముకున్నవాళ్ల వరసలో చేరతావా అని ఉరిమాను. చేతిలో కొరడా ఒక్కటే తక్కువ. మెట్లు ఎలా దిగాడో వాడికే తెలియాలి. అప్పటిదాకా మన కూటానికి వచ్చేవాడు, ఆ రోజు నుంచి మానేశాడు.

తర్వాత యంత్రానికి దుమ్ము తగలకూడదని ఒక కవరు కుట్టాను. ఆఫీసు కుర్చీల పనిలో మిగిలిన మెరూన్ రెగ్జిన్. లోపల అంగుళం మందాన స్పాంజి, అంచుకు తెల్ల పైపింగు, వెనకాల గుండీలు. కుళాయి కోసం మాత్రం కింద చిన్న కంత. చూస్తే రాజుగారి సింహాసనాన్ని గోడకి తగిలించినట్టు ఉంటుంది.

ఇక కష్టం చెబుతాను. గదిలో జనం పలచబడుతున్నారు. ఎందుకో అంతుపట్టడం లేదు. దానికి తోడు గోడలో ఎక్కడో ఒక కీచురాయి చేరింది. ఎవరైనా గ్లాసు పట్టుకుని కుళాయి తిప్పితే చాలు, ఆ అలికిడికి సన్నగా కూస్తుంది. మౌన ప్రార్థనలో ఉన్నప్పుడు ఆ కూత వింటే కళ్లు మూసుకున్నవాళ్లంతా ఒక కన్ను తెరుస్తారు. మొన్న బల్లలన్నీ జరిపి, చీపురు పట్టుకుని వెతికాను. దొరకలేదు. ప్రార్థనలో పెట్టాను.

నీ మాట వింటూనే ఎదురు చెప్పే,
తమ్ముడు


ఫిబ్రవరి 15

ఒరేయ్ ఉరుముల తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. కాగితం అయిపోతే ఆగుతావనుకున్నాను, నువ్వు అంచుల మీద కూడా రాశావు.

నేను బాగానే ఉన్నాను. హాస్టల్లో నూట ఇరవై మంది ఉద్యోగాల పిల్లలు, ఒక్కొక్కత్తీ ఒక్కో మహారాణి. ఈ వార్డెన్ పని చేసేవాళ్లకి స్వర్గంలో ముందు వరసలో కుర్చీ వేయాలి, మెత్తని స్పాంజితో. నువ్వే కుట్టిపెట్టు.

నిన్న ఏం జరిగిందో విను. భోజనాల గదిలో నా బల్ల మీద ఒక గ్లాసు నీళ్లు, దాని కింద ఒక చీటీ. "ఈ నీళ్లు ముందు మీరు తాగండి మేడమ్." ఎవరు పెట్టారంటే ఒక్కత్తీ పలకదు, అందరి మొహాల్లోనూ నవ్వే. తాగాను. నాలుక మీద తుప్పు రాసినట్టుంది. సాయంత్రానికి మనిషిని పిలిపించి మా నీళ్ల యంత్రం లోపలివన్నీ మార్పించాను. తప్పు నాదేరా, ధార సన్నబడుతున్నప్పుడే పిలవాల్సింది. ధార తగ్గిందంటే ముందుండే ఫిల్టరు మట్టితో మూసుకున్నట్టు. ట్యాంకు నిండడానికి పొద్దంతా పట్టినా, నీళ్ల రుచి తిరగబడినా ఉప్పును వడగట్టే మెంబ్రేను పని కూడా అయిపోయినట్టే. రుచి మారాక మార్చడమంటే ఆలస్యంగా మార్చడమే.

అది సరే. ఒక్క చెయ్యి పడనివ్వలేదు అంటే ఏమిట్రా అర్థం? యంత్రాన్ని అసలు వాడడం లేదా? మెత్తగా కవరు కుట్టి గోడకు అలంకారంగా పెట్టావా? నిన్ను నేను ఎరగనా. చిన్నప్పుడు కొత్త బడిసంచి కొనిపెడితే, మాసిపోతుందని మేకుకు తగిలించి, ఏడాదంతా పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్లినవాడివి. వానలో పుస్తకాలు తడిశాయి, సంచి మాత్రం కొత్తగా ఉంది.

వాడకపోతే చెప్పు, నేనే వచ్చి పట్టుకుపోతాను. నా మహారాణులకైనా పనికొస్తుంది.

జనం పలచబడ్డారంటే ప్రసంగం కుదించి చూడు. కీచురాయికి నా ఆశీస్సులు, నీకు ఎదురు మాట్లాడే ధైర్యం దానికొక్కదానికే ఉంది.

మరదలికి ముద్దులు, నీకు మొట్టికాయ.
అక్క


ఫిబ్రవరి 24

కానుక ఇచ్చి తిరిగి అడిగే అక్కకి,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. వాడడం లేదా అని అడుగుతావా? రోజూ వాడుతున్నాం! కూటానికి వచ్చిన ప్రతి మనిషీ మెట్లెక్కి రాగానే ఆ కుళాయి దగ్గరే నిలబడాలని నా నియమం. బావి దగ్గర కూర్చుని దాహానికి అడిగిన ప్రభువును తలుచుకుని మరీ ఆ నియమం పెట్టాను. గ్లాసులు నేనే కడుగుతాను.

నీ హాస్టలు పిల్లల సంగతి చదివి జాలేసింది. పెద్దదాని బల్ల మీద గ్లాసు పెట్టి చీటీ రాస్తారా? ఇక్కడ అలాంటిది కలలో కూడా జరగదు. ఎందుకో చెబుతాను. నాలుగు నెలల కింద నీ మరదలు "ఏమండీ, నీళ్లు ఒకలా ఉన్నాయండీ" అంది. పక్కనే ఉన్న ముందు వరస పెద్దమ్మ, అదే, ఎప్పుడూ ఊలు అల్లుతూ వింటుందే, ఆవిడ కూడా తలూపింది. ఆ ఆదివారమే నేను ఎడారిలో చేదు నీళ్ల దగ్గర సణిగిన జనం మీద ప్రసంగం ఎత్తుకున్నాను. రెండు గంటలు! బానిసత్వం నుంచి బయటపడ్డ మూడో రోజుకే నీళ్లు బాలేవని మూతి ముడిచినవాళ్లని దులిపి ఆరేశాను. సణుగుడు నాలుకకి పట్టే చెద అన్నాను. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నా గదిలో నీళ్ల గురించి ఒక్కరు నోరెత్తితే ఒట్టు. చూశావా క్రమశిక్షణ!

కానీ అక్కా, నోరెత్తడం లేదు, కాళ్లు ఎత్తుతున్నారు. వీధి అవతల కొత్తగా ఒక కూటం వెలిసింది. నడిపేవాడు కుర్రవాడు, ఎంత ఉక్కలోనైనా కోటు వేసుకుంటాడు, నేను కోటు పాస్టరు అంటాను. నా ప్రసంగం సగంలో ఉండగా ఒక్కొక్కరే లేస్తారు. మెట్లు దిగి వీధి దాటి అక్కడికి పోతారు. కాసేపటికి కొందరు తిరిగొస్తారు, కొందరు అక్కడే ఉండిపోతారు. తిరిగొచ్చేవాళ్లు మూతి తుడుచుకుంటూ వస్తారు. నాకు అనుమానం పుట్టింది. వాళ్లలో ఒక వడ్రంగిని మెట్ల మీద ఆపి "ఏదీ, ఊదు" అన్నాను. వాడు బిక్కమొహం వేసుకుని ఊదాడు. ఏ వాసనా లేదు. అది ఇంకా దారుణం కదా! తాగుడికైతే మందుంది. నా మాట మీద విసుగుకి మందేది?

మునుపు కుర్చీలు చాలక గుమ్మంలో నిలబడేవాళ్లు. ఇప్పుడు కుర్చీల వరసలు ఖాళీగా నన్ను చూస్తున్నాయి. గొంతు తగ్గలేదు, నీ మరదలు ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి తేనె కలిపి ఇస్తూనే ఉంది, నేను అవే తప్ప వేరే నీళ్లు ముట్టను. గొంతు ఉంది. మాటలోనే ఉప్పు పోయినట్టుంది. ఉప్పులో సారం పోతే ఏం చేయాలో వాక్యంలో ఉంది, నీకు తెలుసు.

అందుకే నిర్ణయించుకున్నాను. మార్చి 28న ఆఖరి కూటం. ఆ మర్నాడు గది తాళం వేసి, కుర్చీలన్నీ కోటు పాస్టరుకి ఇచ్చేస్తాను. ఒక్కొక్క కుర్చీ నా చేత్తో కుట్టినది. కనీసం వాళ్లైనా మెత్తగా కూర్చోనీ. నేను కింద కొట్లో సోఫాలకి మేకులు కొట్టుకుంటాను. సోఫా లేచి పోదు.

ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నీ
తమ్ముడు


మార్చి 4

నా పిచ్చి తమ్ముడూ,

కూర్చో. ఫ్లాస్కు పక్కన పెట్టు. చదువు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి నవ్వొచ్చి, పక్క గది మహారాణి వచ్చి "మేడమ్, బాగానే ఉన్నారా" అని అడిగింది.

నువ్వు యంత్రాన్ని వాడకుండా దాచావనుకున్నాను. అదైనా నయం. రెండేళ్లుగా పొద్దస్తమానం వాడుతూ, లోపల ఒక్కటీ మార్చకుండా, పైన దుప్పటి కప్పావన్నమాట! అది నీళ్లను వడగట్టే మిషన్రా, చలేసే ముసలమ్మ కాదు. మట్టిని ఆపే ఫిల్టరు ఆరు నెలలకో ఏడాదికో మూసుకుంటుంది, మీ వీధి నీళ్లైతే ఇంకా తొందరగా. బొగ్గు ఫిల్టరు దాని వెనకే పోతుంది. మెంబ్రేను రెండు మూడేళ్లు వస్తుంది, అదైనా ముందువి మారుస్తూ ఉంటేనే. ముందువి చచ్చాక మురికంతా దాని నెత్తిమీదే కదా.

ఇప్పుడు నీ కీచురాయి సంగతి. ఒరేయ్, లోకంలో ఏ కీచురాయైనా మనిషి కుళాయి తిప్పినప్పుడే కూస్తుందా? అది నీ గోడలో లేదు. నీ స్పాంజి కింద ఉంది. ఫిల్టరు మార్చమని మిషను మొరపెట్టుకుంటోంది. ఎర్ర దీపం కూడా వెలుగుతూ ఉంటుంది, నువ్వు చూడకుండా గుండీలు పెట్టేశావు.

ఇక జనం. విడిచిపెట్టి పోయేవాడు మూతి తుడుచుకుంటూ తిరిగొస్తాడా? రెండు గంటలు ఎడారి గురించి చెప్పి దాహం వేయించింది నువ్వు. నీళ్లు పోసింది కోటబ్బాయి. వడ్రంగి నోట్లో వాసన రాలేదంటే మరి? వాడు తాగొచ్చింది మంచినీళ్లు!

ఎవరూ నీతో చెప్పరు. చెబితే మళ్లీ రెండు గంటలు.

గుండీలు విప్పి కవరు తీసి చూడు. అంతే నేను అడిగేది.

అక్క


మార్చి 11

అక్కకి,

క్లుప్తంగా రాస్తున్నాను, నీకు సంతోషమే కదా.

నా బాధ నీతో చెప్పుకుంటే నువ్వు కుళాయి గురించి రాశావు. మనుషుల హృదయాలు చల్లబడ్డాయని నేను అంటే, నీళ్లు చల్లగా లేవని నువ్వు అంటావు. ఒక ప్రార్థన గది గ్లాసుడు నీళ్ల కోసం నిలబడుతుందా, పడిపోతుందా? ఇంత చిన్నదా నా పని?

పైగా నీ కానుకను నేను అనుమానించాలా? కవరు తీయను. నమ్మకం అంటే చూడకుండా నమ్మడం. గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప ఒప్పుకోని శిష్యుడి పక్కన నన్ను నిలబెట్టకు.

28న ఆఖరి కూటం. నువ్వు రావద్దు, చూడలేవు.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడూ,

ఈ ఉత్తరం నీ భార్య ముందు గట్టిగా చదువు. గట్టిగా చదవడం నీకు కష్టం కాదు.

నేను నీకు పెట్టె కానుకగా ఇచ్చాననుకుంటున్నావు. అందుకే దానికి సింహాసనం కుట్టావు. ఆ రోజు నేను ఏమనుకుని ఇచ్చానో చెప్పనా? నువ్వు ఎటూ ఆపవు, మెట్లెక్కి వచ్చిన మనిషికి కనీసం ఒక గ్లాసు మంచినీళ్లైనా దొరకాలి అనుకున్నాను. పెట్టె పోతే ఇంకో పెట్టె వస్తుంది. నేను ఇచ్చింది ఆ గ్లాసు. అది ఎప్పుడో చేదెక్కింది, నువ్వు పెట్టెను కాపలా కాస్తున్నావు.

పని చిన్నదా అంటావు. దాహంతో ఉన్నవాడికి ఒక గిన్నెడు చల్లని నీళ్లు ఇచ్చినవాడి లెక్క పైన తప్పిపోదని నాకు చెప్పింది నువ్వే, నీ మీసాలు రాకముందు.

ఇంకొకటి. గ్రంథం నీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది కదా, తీసి ఆ చేదు నీళ్ల కథ మళ్లీ చదువు, ఈసారి ఆఖరి వరకూ. నువ్వు సణుగుడు దగ్గర ఆగిపోయి కిటికీలు అదిరేలా అరిచావు. ఆ తర్వాత ఏం జరిగింది? ఆ రోజు ఆ జనాన్ని ఎవరైనా తిట్టారా? దేవుడు ఒక చెట్టు చూపించాడు, దాన్ని నీళ్లలో వేశారు, నీళ్లు తియ్యనయ్యాయి. ఆయన నీళ్లు బాగుచేశాడు. నువ్వు జనాన్ని బాగుచేయబోయావు.

నేను ఎనిమిదో తరగతి. నువ్వు గ్రంథమంతా ఒంటబట్టించుకున్నవాడివి. నేను తప్పైతే తిరిగి రాయి.

అక్క


మార్చి 30

నా అక్కకి, నా పెద్దదానికి, నా వడగట్టు ఫిల్టరుకి,

నవ్వకు. నిజంగానే అలా పిలవాలనిపించింది.

నీ ఉత్తరం రాగానే, మా అక్క నన్ను ఎన్ని మాటలన్నదో విను అని చూపించడానికే నీ మరదలి ముందు గట్టిగా చదివాను. చెట్టు దగ్గరకొచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గింది. చదవడం అయ్యాక గ్రంథం తీశాను. వేలు పెట్టి చదివాను. అక్కా, అక్కడ తిట్టు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇన్నేళ్లుగా ఆ కథ చెబుతున్నాను, ఆ తిట్లన్నీ నావే.

అప్పుడు నీ మరదలు లేచింది. ఫ్లాస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, ఇవి ఎక్కడి నీళ్లో తెలుసా?"

"మన యంత్రంవి. ఇంకెక్కడివి?"

"కోటు పాస్టరు గారి గదివి. రోజూ పొద్దున బజారుకని సంచి పట్టుకెళ్తానే, ఆ సంచిలో సీసాలు. మన కుళాయి నీళ్లతో మీ గొంతు పాడవుతుందని భయమేసింది. చెబితే ఎడారిలో నడిపిస్తారని ఇంకా భయమేసింది. నాలుగు నెలలుగా ఆయన నీళ్లు తాగే మీరు ఆయన మీద అరుస్తున్నారు."

"తేనె?"

"తేనె మనదే."

అక్కా, కుర్చీలు కుట్టేవాణ్ణి, ఆ క్షణం కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను.

ఇద్దరం పైకి వెళ్లాం. తెల్ల పైపింగు, వెనకాల గుండీలు. ఎంత బిగించి కుట్టానో, ఊడడం లేదు. చివరికి నా కత్తెరతో నేనే కోశాను. కవరు కిందకి జారింది. ఎర్ర దీపం! మంటలా వెలుగుతూ, నా కళ్లలోకే చూస్తూ. నీ మరదలు కుళాయి తిప్పింది. కీచురాయి కూసింది, ఈసారి చెవులు చిల్లులు పడేలా. పాపం, ఎన్నాళ్లుగా అరుస్తోందో. ధార నా జేబులోని దారం కంటే సన్నగా ఉంది. ఒక గుక్క తాగాను. ఇత్తడి గుండీ చప్పరించినట్టుంది. ఆ నీళ్లను ముందు వరస పెద్దమ్మ నాలుగైదు నెలలు నోరెత్తకుండా తాగింది.

ఇక మెకానిక్. వాడు ఎక్కడున్నాడో తెలుసా? కోటు పాస్టరు కూటంలో, వెనక బల్ల మీద. వీధి దాటడానికి నాకు పట్టిన సమయంలో సముద్రాలే దాటొచ్చు. గుమ్మంలో నిలబడ్డాను. కోటు పాస్టరు నన్ను చూసి ప్రసంగం ఆపాడు. అందరూ తిరిగి చూశారు, అందులో సగం మంది మనవాళ్లే. ఆ కుర్రాడు దిగొచ్చి ఏం చేశాడనుకున్నావు? ఒక గ్లాసు నీళ్లు ముంచి రెండు చేతులతో ఇచ్చాడు. "ఇన్నాళ్లకి వచ్చారు పెద్దాయనా, ముందు దాహం తీర్చుకోండి" అన్నాడు. ఆ గ్లాసు ముందు నా నోరు పెగల్లేదు. నేను, నోరు పెగలకపోవడం!

మెకానిక్ లేచి వచ్చి నా చేతులవైపు చూశాడు. "కొరడా తెచ్చావా అన్నా?" అన్నాడు.

"లేదు. తమ్ముడూ, సంచి తెచ్చుకో" అన్నాను.

వాడు వచ్చాడు. అక్కా, తెల్లగా లోపలికి వెళ్లిన ఫిల్టరు చెరువు అడుగు రంగులో బయటికి వచ్చింది. చేతిలో పెడితే తడి ఇటుకలా ఉంది. బొగ్గుది మెత్తబడి కంపు కొట్టింది. మెంబ్రేను చుట్ట మీద బంక. జేబులోంచి నీళ్లలో ఉప్పు కొలిచే చిన్న మీటరు తీసి రెండు గ్లాసుల్లో ముంచాడు, వీధి కుళాయివి ఒకటి, మన యంత్రంవి ఒకటి. అంకెలు దాదాపు ఒకటే! ఇన్నాళ్లూ మన పెట్టె చేసిన పనల్లా కరెంటు తాగడమే. "నేను చెప్పింది ఫిల్టర్ల కోసమే అన్నా, అప్పుడు మార్చి ఉంటే మెంబ్రేను ఇంకా వచ్చేది" అన్నాడు మెల్లగా. అన్నీ కొత్తవి వేశాడు. మొదట నిండిన ట్యాంకు నీళ్లు తాగకూడదు, పారబోయాలన్నాడు. ఆ నీళ్లతో మెట్లన్నీ కడిగాను, పైనుంచి కింది దాకా.

28న కూటం జరిగింది. ఆఖరిదని ఎవరికీ తెలియదు, నీకూ నాకూ తప్ప. పాత ఫిల్టరు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. చేదు నీళ్ల కథే చెప్పాను, ఈసారి చెట్టు దాకా. "ఆ రోజు మిమ్మల్ని సణగొద్దన్నాను. నీళ్లు చేదన్నది మీరు, చేదు చేసింది నేను. ఈ గదిలో ఇకమీదట ఏది చేదైనా చేదనే చెప్పండి" అన్నాను. ఇంతే. పావుగంటలో దిగిపోయాను. జనం కదల్లేదు, ఇంకా ఉందనుకుని కూర్చున్నారు.

ముందు వరస పెద్దమ్మ ఊలు కింద పెట్టింది. "చెబితే నన్ను ఎడారిలో వదిలేస్తావనుకున్నాను బాబూ" అంది. వడ్రంగి లేచి నా దగ్గరికొచ్చి, "ఊదమంటావా అన్నా?" అన్నాడు. గది గదంతా నవ్వు. ఆ నవ్వుకి వీధి అవతలివాళ్లు కిటికీల్లోంచి చూశారు. కాసేపటికి మెట్ల మీద చప్పుడు. కోటు పాస్టరే, తన వాళ్లను వెంటబెట్టుకుని. "అక్కడ ట్యాంకు ఖాళీ అయింది, మీ వాళ్లే తాగేశారు. ఇక్కడ కాసిన్ని దొరుకుతాయా?" అని అడిగాడు. ప్రతి ఒక్కరికీ నా చేత్తో గ్లాసు అందించాను. కుర్చీలు చాల్లేదు. గుమ్మంలో నిలబడ్డారు.

తాళం మేకుకే ఉంది. నా చిన్నప్పటి బడిసంచిలాగా అక్కడే ఉండనీ.

కవరు పారేయలేదు. దీపం కనపడేలా ముందర ప్లాస్టిక్ కిటికీ కుట్టాను, స్పాంజి పీకేశాను. మెకానిక్ ఫిల్టరు వేసిన తేదీని దాని మీదే తెల్లదారంతో కుట్టాను, ఎవరైనా చదివి నన్ను నిలదీయొచ్చు. మెకానిక్ మళ్లీ మన కూటంలోనే కూర్చుంటున్నాడు.

నీళ్లిచ్చే పనికి చిన్నదని పేరు పెట్టిన,
తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరేయ్ బంగారం,

నీ ఉత్తరాన్ని భోజనాల గదిలో మహారాణులందరికీ చదివి వినిపించాను. "ఊదమంటావా" దగ్గర ఒకత్తి కుర్చీలోంచి పడింది. ఆ కుర్చీ కుట్టింది నువ్వు కాదులే.

పావుగంటలో ప్రసంగం ముగించావని చదివి, ఒంట్లో బాగానే ఉందా అని భయపడ్డాను. మరదలికి చెప్పు, ఆ సీసాల సంచి నాకు పంపమను, దాచుకుంటాను. భార్య దొంగతనంగా మంచినీళ్లు తెచ్చి భర్త గొంతు కాపాడిన కథ ఏ గ్రంథంలోనూ చదవలేదు నేను.

వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నాను. యంత్రం వంకరగా ఉంటే మళ్లీ విప్పిస్తాను.

ఒక్క సందేహం. నీ ఉత్తరమంతా వెతికాను. చేదుగా ఉన్నప్పుడు ఒక గుక్క తాగానన్నావు. కోటబ్బాయి గ్లాసు చూసి నోరు పెగల్లేదన్నావు. మన కొత్త నీళ్లు అందరికీ నీ చేత్తో ఇచ్చానన్నావు. మరి నువ్వు తాగావా? తేనె లేకుండా?

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

పట్టేశావు. ఆ రోజు అందరికీ ఇచ్చి, అలవాటు ప్రకారం నేను ఫ్లాస్కు దగ్గరికే వెళ్లాను. నీ ఉత్తరం చూశాక తెలిసింది. ఉత్తరం చేత్తో పట్టుకునే మెట్లెక్కాను. గదిలో ఎవరూ లేరు, కుర్చీలు నేను వేసిన వరసలో లేవు, ఎవరికి వాళ్లు జరుపుకుని కూర్చున్నట్టున్నారు. పచ్చదీపం వెలుగుతోంది. కుళాయి తిప్పాను. కీచురాయి లేదు. గ్లాసు నింపి, కిటికీ దగ్గర నిలబడి తాగాను, తేనె లేకుండా, ఆఖరి చుక్క వరకూ.

ఏ రుచీ లేదక్కా. అంత బాగున్నాయి.

తమ్ముడు